అవ్వ అడుగు తడబడకుండా: తాయ్ చీ నుంచి థింసా దాకా

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సాంస్కృతిక సంఘం ఆన్‌లైన్‌లో జరిపిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుట్నుంచి భాష గురించి, భూమి గురించి, ఉద్యోగాల గురించి మంచి మాటలు విన్నాం. మేం మోకాళ్ల గురించి మాట్లాడతాం. నవ్వకండి. మాలో కొందరం నర్సులం, కొందరం ఫిజియోథెరపీ చేసేవాళ్లం. పట్నంలో పని చేస్తున్నా మా ఇళ్లు ఏజెన్సీలోనే ఉన్నాయి.

మాలో ఒకరి అమ్మమ్మ వానాకాలంలో ఒక రాత్రి వాకిట్లోకి వచ్చి, తడిసిన బండ మీద కాలు జారి పడింది. పెద్ద దెబ్బేమీ కాదనుకున్నారు. తెల్లారేసరికి కాలు కదపలేకపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆ ఊరికి రోడ్డు లేదు. డోలీ కట్టి, నలుగురు మనవలు మార్చుకుంటూ కొండ దింపారు. డోలీ మోసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు, ఆ బరువు ఎలాంటిదో మేం చెప్పక్కర్లేదు. ఆపరేషన్ బాగానే జరిగింది, ఎముకా అతికింది. కానీ అవ్వకు మళ్లీ అడుగు వెయ్యాలంటే భయం. ఇటుకల పండక్కి థింసా వరసలో నిలబడే మనిషి ఇప్పుడు అరుగు మీద కూర్చుని చూస్తోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. ప్రమాదాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. మనమేమో "వయసైపోయింది, పడింది" అని ఊరుకుంటాం. వయసు ఒక్కటే కారణం కాదు. తొడల్లో బలం తగ్గుతుంది, చీలమండ పట్టు సడలుతుంది, చూపు మసకబారుతుంది, అరికాలికి నేల సరిగా తెలియదు. ఇందులో బలాన్ని, పట్టును సాధనతో చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు. ఈ సంగతి మీద ఎక్కువ పరీక్షలు జరిగిన వ్యాయామాల్లో తాయ్ చీ ఒకటి.

చైనాలో హెనాన్ రాష్ట్రంలో చెన్‌జియాగౌ అనే పల్లె ఉంది. చెన్ అనే ఇంటిపేరు వాళ్ల ఊరు. ఒకే ఇంటిపేరుతో ఊరంటే మనకు కొత్తేమీ కాదు కదా. 17వ శతాబ్దంలో ఆ వంశానికి చెందిన చెన్ వాంగ్‌టింగ్ అనే యోధుడు ఈ విద్యకు ఆద్యుడని వాళ్లు చెప్పుకుంటారు. అప్పట్లో ఇది యుద్ధవిద్య. చాలా తరాలు ఆ కుటుంబం లోపలే ఉండిపోయింది. 19వ శతాబ్దంలో యాంగ్ లుచాన్ అనే బయటి మనిషి వాళ్ల దగ్గర నేర్చుకుని బీజింగ్ తీసుకెళ్లాడు. 1956లో చైనా క్రీడా శాఖ అందరూ నేర్చుకునేలా దాన్ని 24 భంగిమలకు కుదించింది. 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఒక పల్లె సొత్తు ఇవాళ దేశదేశాల ముసలివాళ్లను నిలబెడుతోంది. మన సంఘం ఎందుకు పుట్టిందో గుర్తున్నవాళ్లకు ఈ కథ దగ్గరగానే అనిపిస్తుంది.

ఇక పరీక్షల మాట. 1996లో అమెరికాలోని అట్లాంటాలో 70 ఏళ్లు దాటిన 200 మందిని మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపు 15 వారాలు తాయ్ చీ నేర్చుకుంది. రెండో గుంపుకు కంప్యూటరు యంత్రం మీద నిలబెట్టి తూకం తప్పకుండా తర్ఫీదు ఇచ్చారు. మూడో గుంపుకు మాటలతో అవగాహన కల్పించారు. తాయ్ చీ చేసినవాళ్లలో మళ్లీ మళ్లీ పడిపోయే ప్రమాదం 47.5 శాతం తగ్గింది. పడతామన్న భయమూ తగ్గింది. మాకు ఆ రెండోదే ముఖ్యం అనిపిస్తుంది. భయపడ్డ మనిషి నడక మానేస్తుంది, నడక మానేస్తే కాళ్లు సన్నబడతాయి, సన్నబడ్డ కాళ్లు మళ్లీ పడేస్తాయి. అరుగు మీది అవ్వ ఈ సుడిలోనే చిక్కుకుంది.

2018లో అచ్చయిన ఒరెగాన్ పరీక్ష ఇంకా పెద్దది. 70 దాటినవాళ్లు 670 మంది. అంతకుముందు ఏడాదిలో పడినవాళ్లు, నడక కష్టమైనవాళ్లు. వారానికి రెండుసార్లు, గంటసేపు, 24 వారాలు చేయించారు. ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవాళ్లతో పోలిస్తే తాయ్ చీ గుంపులో పడిపోవడాలు 58 శాతం తక్కువ. రకరకాల వ్యాయామాలు కలిపి చేసిన గుంపుతో పోల్చినా 31 శాతం తక్కువ.

అన్ని చోట్లా ఇలా జరగలేదు. నెదర్లాండ్స్‌లో 269 మందితో 13 వారాలు చేయించి చూస్తే పడిపోవడాలు తగ్గలేదు. 2019లో కోక్రేన్ సంస్థ 108 పరీక్షలను కలిపి చూసింది. తాయ్ చీ వల్ల పడిపోవడాలు సుమారు 19 శాతం తగ్గవచ్చని, నిలకడ పెంచే ఇతర వ్యాయామాలతో సుమారు 24 శాతం తగ్గుతాయని తేలింది. కాబట్టి యూట్యూబులో ఎవరైనా తాయ్ చీని సర్వరోగ నివారిణి అంటే నమ్మకండి. మా అభిప్రాయం ఏమిటంటే, కాళ్లు ఆడుతుండగానే మొదలుపెట్టాలి, నెలల తరబడి చెయ్యాలి.

అందులో ఏం చేస్తారు? మోకాళ్లు కొంచెం వంచుతారు. ఒంటి బరువంతా మెల్లగా ఒక కాలి మీదికి తెస్తారు. రెండో కాలు ఖాళీ అయ్యాక దాన్ని ఎత్తి, మడమ ముందు ఆనించి, తర్వాత వేళ్లు ఆనించి, బరువు అటు మారుస్తారు. నడుము తిరుగుతుంది, చేతులు మబ్బుల్లా కదులుతాయి, చూపు చేతి వెంట వెళ్తుంది. ఊపుతో వేసే అడుగులో ఒంటికాలి మీద ఉన్న క్షణం తెలియకుండానే దాటిపోతుంది. నెమ్మదిగా వేస్తే ఆ క్షణాన్ని తొడ, చీలమండ మొయ్యాలి. బలమంతా అక్కడే వస్తుంది. చూడ్డానికి తేలిక, పది నిమిషాలు చేస్తే మీ కుర్రాళ్లకే తొడలు వణుకుతాయి.

ఇప్పుడు మన థింసా సంగతి. చేతులు వెనకనుంచి పెనవేసుకుని, వరసగా, మోరి, తుడుము, డప్పులకు తగ్గట్టు అడుగు ముందుకు, వెనక్కు. ఒంగి లేస్తూ వేసే గొడ్డిబేట థింసాలో నడుముకు, తొడలకు ఎంత పనో వేసినవాళ్లకు తెలుసు. అడుగు తప్పినా పక్క మనిషి చెయ్యి పట్టి ఉంటుంది. తాయ్ చీలో ఆ చెయ్యి లేదు. అలాగని థింసాను తాయ్ చీకి సమానమని మేం చెప్పం. ఆ కోక్రేన్ సమీక్షే నాట్యాల విషయంలో ఏమీ తేల్చలేకపోయింది. మా బాధ వేరు. ఒకప్పుడు చిన్నా పెద్దా కలిసి వేసిన వరస ఇప్పుడు పోటీలకు, టూరిస్టులకు, రీల్స్‌కు పనికొచ్చే వయసువాళ్ల వరస అవుతోంది. చీర రంగు కలవలేదని, వేగం అందుకోలేదని అవ్వల్ని పక్కన కూర్చోబెడుతున్నాం. మేమూ మా కాలేజీ రోజుల్లో అదే చేశాం, తప్పు ఒప్పుకుంటున్నాం.

ఈ పండక్కి ఊరెళ్లినప్పుడు ఒక పని చెయ్యండి. తాతను, అవ్వను గోడ పక్కన నిలబెట్టి, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు ఆనేలా ముందూ వెనకా పెట్టమనండి. ఏమీ పట్టుకోకుండా పది సెకన్లు నిలవగలరేమో చూడండి. మీరు మాత్రం చెయ్యి అందేంత దగ్గర ఉండాలి. నిలవలేకపోతే పడే ప్రమాదం ఎక్కువని అర్థం. కళ్లు చూపించండి, వాడుతున్న మందులు ఆరోగ్య కార్యకర్తకు చూపించండి, వాకిట్లో నాచు గీకేయండి, రాత్రి లేచే దారిలో ఒక లైటు పెట్టండి. తర్వాత వారంలో మూడు రోజులైనా మెల్లని అడుగులు మొదలుపెట్టించండి. ఇటీవల పడినవాళ్లకు, తుంటి ఆపరేషన్ అయినవాళ్లకు డాక్టరును అడిగాకే. పండగనాడు చివర ఒక నెమ్మది వరస వెయ్యండి. డప్పు కొట్టే తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి, వాడు ఊపులో ఆగడు.

ఇప్పుడు కుర్చీల్లోంచి లేవండి. ఫోను ఎదురుగా ఆనించి పెట్టండి. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కాస్త వంచి. బరువు కుడికాలి మీదికి... మెల్లగా, ఇంకా మెల్లగా. ఎడమ కాలు ఖాళీ అయిందా? ఎత్తండి. మడమ ఆనించండి. ఆ వెనక కనిపిస్తున్న అవ్వను కూడా లేపి పక్కన నిలబెట్టుకో చెల్లీ, చెయ్యి పట్టుకో. ఇప్పుడు ఎడమవైపు.