లేజర్ కాంతితో గాయం అతికేనా?



ఆపరేషన్ ఖర్చుకు సాయం కోరి వచ్చేవారి నోట తరచూ వినే మాట: "లేజర్ ఆపరేషనండీ, కుట్లే ఉండవట!" ఇందులో నిజమెంతో ఈ రోజు చూద్దాం.

గాయాన్ని కుట్టడం చాలా పాత విద్య. మన దేశంలో సుశ్రుతుడు దాన్ని వివరించాడు. వెయ్యేళ్ల కిందట కార్డోబా వైద్యుడు అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ, పశువుల పేగుతో చేసిన దారంతో లోపలి గాయాలు కుట్టడం గురించి ‘అత్తస్రీఫ్’ గ్రంథంలో రాశారు. అయితే సూది దిగిన ప్రతిచోటా రంధ్రం పడుతుంది. అక్కడ సూక్ష్మజీవులు చేరవచ్చు, మచ్చ మిగలవచ్చు. అందుకే వేరే మార్గం కోసం వెతుకులాట.

లేజర్ 1960లో పుట్టింది. వైద్యులు దాన్ని కోయడానికి, కాల్చడానికి వాడుతున్నారు. అతికించడానికి మాత్రం రెండు దారులు కనిపెట్టారు.

మొదటిది వేడి. గుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడటం మన వంటింట్లో చూసేదే. అందులో ఉండే ఆల్బుమిన్ వంటి ప్రోటీనునే గాయం అంచులకు పూసి, లేజర్‌తో సుమారు 60 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే అంచులు పట్టుకుంటాయి. వేడి తగ్గితే అతకదు, పెరిగితే చర్మం కాలుతుంది. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో అబ్రహాం కాట్జిర్ బృందం ఒక సన్నని తంతువు గుండా లేజర్‌ను పంపి, మరో తంతువుతో చర్మం వేడిని కొలుస్తూ అదుపు చేసింది. పిత్తాశయం తీసిన 10 మంది రోగుల పొట్టమీది కోతలపై దీన్ని పరీక్షించారు.

రెండోది రంగు. కంటి వైద్యులు పరీక్షకు వాడే రోజ్ బెంగాల్ అనే గులాబిరంగు మందును అంచులకు పూసి ఆకుపచ్చ లేజర్ కాంతి ప్రసరిస్తే, చర్మంలోని కొల్లాజెన్ పోగులు వేడి లేకుండానే ఒకదానితో ఒకటి ముడిపడతాయి. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 31 మందికి ఒకే గాయంలో సగం కుట్టి, సగం కాంతితో మూశారు. 2012లో ఫలితాలు వెలువడ్డాయి. ఆరు నెలల తర్వాత కాంతితో మూసిన వైపే మచ్చ సన్నగా ఉంది.

ఇక్కడ ఒక మాట మరవకూడదు. ఆ గాయాలకు లోపలి పొరల్లో ముందే కుట్లు వేశారు. బిగువు మోసింది ఆ కుట్లే. కాంతి పై చర్మాన్ని మాత్రమే కలిపింది.

మన ఊళ్లలో చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే లాపరోస్కోపీని కూడా లేజర్ అనేస్తున్నారు. కనుక నగలు తాకట్టు పెట్టేముందు డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి. లేజర్ దేనికి వాడతారు? గాయం దేనితో మూస్తారు? అదనపు ఖర్చుకు తగిన మేలేమిటి? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోరు.

ఏ పద్ధతిలో మూసినా గాయాన్ని మాన్పేది శరీరమే. చక్కెర జబ్బును అదుపులో ఉంచండి, బీడీ సిగరెట్ మానండి, కట్టును శుభ్రంగా ఉంచండి. ఇవి పేదవారికీ అందే వైద్యం.