పాత దూలము



మన పల్నాట రాతికి కొదువ లేదు. మంచి కలపయే అరుదు. మాచర్ల, గురజాల ప్రాంతముల పాత మిద్దెలలో గోడలు రాతివైనను, దంతెలు, నాపరాళ్లు, పైమట్టి, వీని బరువంతయు దూలములే మోయును. అట్టి మిద్దెను పడగొట్టుటకు ముందు దూలపు కొనలు చూడుడని నా మనవి. గోడలో దాగి, గాలి సోకక, చెమ్మపట్టిన కొనయే మొదట పుచ్చును. నడుమ పెక్కుచోట్ల గట్టిగనే యుండును. నేర్పరియైన వడ్రంగి కప్పునకు ఊతగుంజలు నిలిపి, పుచ్చిన మేర కోసివైచి, బాగుగా నెండిన చేవకఱ్ఱను కుసితో నతికి, కొయ్యచీలలతో బిగించును. కొన చుట్టును అంగుళమంత సందు విడుచును. పచ్చికఱ్ఱ యైనచో ఎండి కుంచించుకొని యతుకు వదలును.

ఇది చూచి నేర్వవలసిన విద్య. పని చెప్పువారు లేక వడ్రంగి ఉలి విడిచెనా, రేపు దూలమున్నను అతుకువా డుండడు. కావున ముందుగా వడ్రంగిని పిలువుడు. పనివేళ ఊరి కుఱ్ఱవాండ్రను అతని ప్రక్కన నిలుపుడు.