జాబులో ‘మేము’ ఎవరు?

శ్రోతలకు ముందుగా ఒక చిన్న సంగతిని ఊహించి చెప్పెదము. ఒక కార్యాలయమువారు ఒక వర్తకునకు “సోమవారము ఉదయము గిడ్డంగిలో సరకు లెక్క చూచెదము” అని జాబు వ్రాసిరి. ‘వారే చూచుకొందురు కాబోలు’ అని ఆయన అంగడిలోనే ఉండిపోయెను. వారు ఆయనకొరకు మధ్యాహ్నమువరకు కాచుకొని, లెక్క చూడకయే తిరిగిపోయిరి. జాబులో అక్షరదోషము లేదు. లోపించినది ఒక్క సర్వనామము.

మన భాషలో క్రియయే చాలవరకు కర్తను తెలుపును. ‘పంపితిని’ అన్నచో నేననియు, ‘పంపితివి’ అన్నచో నీవనియు తెలియును. అందుచే సర్వనామము విడిచినను వాక్యము నిలుచును. కాని ‘చూచెదము’ అను రూపము ‘మేము’నకును ‘మనము’నకును ఒక్కటే. ఎదుటివానిని విడిచి చెప్పునది ‘మేము’. కలుపుకొని చెప్పునది ‘మనము’. ఇంగ్లీషులో ఈ రెంటికిని ఒక్కటే మాట. ఇంగ్లీషు చిత్తును ముందుంచుకొని తెలుగు జాబు వ్రాయువారు ఇచ్చట మెలకువగా నుండవలెను.

రెండవది ‘తాను’. “బిల్లుపై తాను సంతకము చేసెదనని మేనేజరు గుమాస్తాతో చెప్పెను” అన్నచో సంతకము మేనేజరుదే. ‘అతడు చేయునని’ అన్నచో వేరొకనిది. ఆ వేరొకడెవడో పేరు చెప్పుట మేలు.

మూడవది ‘వారు’. ఇది పలువురకును చెల్లును, గౌరవింపదగిన ఒక్కరికిని చెల్లును. “అధికారిగారు ముగ్గురు గుమాస్తాలను పిలిపించిరి. వారు లెక్కలు సరిచూచిరి.” సరిచూచినది ఎవరు? రేపు లెక్కలో తేడా వచ్చినచో ఎవరిని అడుగవలెను? ‘అధికారిగారు’ అనియో, ‘ఆ ముగ్గురు’ అనియో మరల వ్రాసినచో మర్యాదయు నిలుచును, సంశయమును తీరును. జాబులో పునరుక్తి దోషము కాదు.

ఇక పదముల మాట. రసీదు, జమ, వసూలు అరబ్బీ పారసీకములనుండి వచ్చి మనవైపోయిన మాటలు. వీనిని త్రోసివేసి ఎవరికిని తెలియని సమాసములు కూర్చ నక్కరలేదు. విడువవలసినవి కర్తను మరుగుపరచు మాటలు. ‘తగు చర్య తీసుకొనబడును’ అనుటకంటె ‘పది దినములలో మేము సొమ్ము పంపెదము’ అనుట మేలు. మొదటి వాక్యములో పూచీ ఎవరిదియు కాదు. రెండవదానిలో పూచీయు గడువును కలవు.

ఆంధ్రప్రదేశమున 1966లో అధికారభాషా చట్టము వచ్చినది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారి అధ్యక్షతన అధికారభాషా సంఘము ఏర్పడినది. చట్టము తెలుగునకు కార్యాలయమున చోటు చూపినది. వాక్యమునకు స్పష్టత చేకూర్చుట మాత్రము వ్రాయువారి పని.

కాగితముపై వ్రాసినను, కంప్యూటరులో వ్రాసినను, పంపుటకు ముందు జాబును ప్రక్కవారికి చదివి వినిపింతము. ఎవరు ఏమి చేయవలెనో వారు ఒక్కసారి వినగనే చెప్పగలిగినచో జాబు సిద్ధమైనట్లే. ‘వినిపింతము’ అంటిమి. ఇచ్చట కర్త ‘మనము’. అనగా మేమును, మీరును.