గోడ ఏదో మనమే తేల్చుకుందాం



ఈ ఏడాది మా సంఘంలో నలుగురు ఇంటి పక్కన ఒక గది వేసుకోవడానికి అప్పు అడిగారు. ఒకరింట్లో కొత్త కోడలు, ఒకరింట్లో పురిటికి వచ్చే కూతురు, ఇంకొకరింట్లో పదో తరగతి చదివే పిల్ల. గది కర్రతో వేయాలా, సిమెంటు ఇటుకలతో కట్టాలా అన్నది మామూలుగా మగవాళ్ళూ మేస్త్రీ కలిసి తేల్చేస్తారు. కిస్తీ మాత్రం మన పుస్తకంలో పడుతుంది. అందుకని మేము ఈ సంగతి సంఘం మీటింగులోనే పెట్టుకుని మాట్లాడుకున్నాం.

ముందు కర్ర. మన ఉద్దానంలో పెరట్లో పనసో, కొబ్బరో ఉంటుంది. సొంత చెట్టయితే కోత కూలి, వడ్రంగి కూలి, రేకుల ఖర్చుతో కొద్ది రోజుల్లో గది లేస్తుంది. బరువు తక్కువ కాబట్టి పెద్ద పునాది అక్కర్లేదు. రేపు ఇల్లు మార్చి కట్టుకున్నా దూలాలు, వాసాలు మళ్ళీ పనికొస్తాయి. కానీ కర్ర కొనాల్సి వస్తే చవక అనుకోవద్దు. చేవ ఉన్న కర్రే తీసుకోవాలి. గుంజని మట్టిలో పాతితే చెద పడుతుంది. నేల మీద కాంక్రీటు దిమ్మ పోసి, ఇనప పట్టీతో బోల్టు బిగించి దాని మీద నిలబెట్టాలి.

ఇక సిమెంటు ఇటుక. చెదల భయం లేదు, తలుపు వేసుకుంటే ఆడపిల్లకి భద్రం. పాత ఇంటి గోడ ఒక పక్కకి వాడుకుని 10 అడుగులు, 12 అడుగుల గది 9 అడుగుల ఎత్తుకి కడితే, తలుపు, కిటికీ పోను 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తున్న ఇటుకలు సుమారు 280 పడతాయి. విరిగేవి, పునాదివి వేరు. ఈ లెక్క మేస్త్రి చేత కాగితం మీద రాయించుకోండి. ఇటుక బరువు కాబట్టి గట్టి నేల తగిలేదాకా పునాది తీయాలి. కట్టాక కనీసం వారం రోజులు నీళ్ళు కొట్టాలి. పాత గోడ ఎప్పుడో నేలలో కుదురుకుంది, కొత్తది ఇప్పుడు కుదురుకుంటుంది. అందుకే రెండూ కలిసేచోట బీట వస్తుంది. అక్కడ ఏం చేస్తావని మేస్త్రిని ముందే అడగండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మనం మర్చిపోలేదు. గోడ గట్టిదయినా రేకు బిగింపు లేకపోతే గాలి లేపేస్తుంది. ఇటుక గోడయితే పైన కాంక్రీటు బెల్టు పోసి, అందులోంచి తీసిన చువ్వలతో దూలాలు కట్టాలి. కర్ర గదయితే గుంజ, దూలం, వాసం ఇనప పట్టీలతో ఒకదానికొకటి బిగించాలి. మేకు ఒక్కటే చాలదు.

చివరికి మేము ఇలా అనుకున్నాం. రాత్రి మనుషులు పడుకునే గదికి, అప్పు పైకప్పు దాకా సరిపోతుందని లెక్క తేలితే, సిమెంటు ఇటుక. వంటపాకకి, మేకల కొట్టానికి కర్ర. పడుకునే గదే అయినా డబ్బు చాలకపోతే కర్ర గది బాగా బిగించి వేసుకోవడమే మేలు. కిటికీ మట్టంలో ఆగిపోయిన గోడకీ నెలనెలా కిస్తీ కట్టాల్సిందే, వానొస్తే అందులో పిల్లలు పడుకోలేరు.

నలుగురిలో ఇద్దరు ఇటుక, ఒకరు కర్ర ఎంచుకున్నారు. నాలుగో ఆమె లెక్క చూసుకుని వచ్చే ఏడాదికి ఆగింది. అప్పు తీసుకున్న ముగ్గురూ కిస్తీలు ఆపకుండా కడుతున్నారు. మీ సంఘాల్లో కూడా గది అప్పు తీర్మానం రాసే ముందు మేస్త్రి లెక్క కాగితం చూడమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.