మెమరీ లేని అడ్రస్‌లో గెస్ట్ రాస్తే ఏమవుతుంది?

మీ ఫోన్‌లోపల ఇంకో చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ నడవొచ్చని తెలుసా? 2022లో ఆండ్రాయిడ్ 13తో పాటు గూగుల్ వర్చువలైజేషన్ ఫ్రేమ్‌వర్క్ తెచ్చింది. అందులో హైపర్‌వైజర్ పేరు పీకేవీఎం. లోపల నడిచేది గెస్ట్, బయట ఉన్న ఆండ్రాయిడ్ హోస్ట్. ఈరోజు ఒకటే ప్రశ్న: అసలు మెమరీయే లేని అడ్రస్‌లో గెస్ట్ ఏదైనా రాస్తే, ఆ డేటా ఎక్కడికి పోతుంది?

ముందు బేసిక్స్ చూద్దాం. గెస్ట్ చూసే అడ్రస్ వేరు, అసలు ర్యామ్ అడ్రస్ వేరు. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చే టేబుల్ హైపర్‌వైజర్ చేతిలో ఉంటుంది. ఏఆర్ఎం చిప్స్‌లో దీన్ని స్టేజ్-2 అంటారు, ఇంటెల్‌లో ఈపీటీ అంటారు. టేబుల్‌లో ఎంట్రీ లేకపోతే ప్రాసెసర్ గెస్ట్‌ని అక్కడే ఆపేసి కంట్రోల్ హైపర్‌వైజర్‌కి ఇచ్చేస్తుంది.

ఇక్కడి నుంచి రెండు దారులు. ఆ అడ్రస్ గెస్ట్‌కి ఇస్తామన్న ర్యామ్‌లోదే అయితే, పేజీ ఇంకా ఇవ్వలేదు, అంతే. ఒక పేజీ, మామూలుగా 4 కేబీ, ఇచ్చి అదే ఇన్‌స్ట్రక్షన్‌ని మళ్ళీ నడిపిస్తారు. గెస్ట్‌కి ఈ సంగతే తెలియదు.

అడ్రస్ ఆ ర్యామ్‌లో లేకపోతే? మామూలు కేవీఎం "ఇది ఏదో డివైజ్ అయ్యుంటుంది" అనుకుంటుంది. దీన్నే ఎంఎంఐఓ అంటారు. అడ్రస్, సైజు, రాస్తున్న విలువ, ఈ మూడూ హోస్ట్‌లో ఉన్న ప్రోగ్రామ్‌కి వెళ్తాయి. సర్వర్‌లో అయితే చాలాచోట్ల క్యూఈఎంయూ, ఆండ్రాయిడ్‌లో క్రాస్‌వీఎం. అది సీరియల్ పోర్టులాగానో, ఇంకో డివైజ్‌లాగానో జవాబిస్తుంది. లేని ఫ్లాట్ నంబర్‌కి కొరియర్ వస్తే వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్తారు చూడండి, అలాగన్నమాట.

మరి ఆ వాచ్‌మన్నే దొంగైతే?

అసలు సమస్య ఇదే. పీకేవీఎం పుట్టిందే హోస్ట్‌ని నమ్మకూడదని. హ్యాకర్ చేతిలో పడ్డ హోస్ట్, గెస్ట్ ర్యామ్ అనుకునే చోట కావాలనే ఖాళీ వదిలేసిందనుకోండి. గెస్ట్ పాపం అక్కడ సీక్రెట్ కీ రాస్తుంది. పాత పద్ధతిలో అయితే ఆ కీ "డివైజ్‌కి పంపిన డేటా"గా నేరుగా హోస్ట్ చేతిలో పడుతుంది. ఎన్‌క్రిప్షన్ బద్దలు కొట్టాల్సిన పనే లేదు!

దీనికి మందు ఎంఎంఐఓ గార్డ్. ఏయే పేజీలు డివైజ్‌వో గెస్టే ముందుగా హైపర్‌వైజర్‌కి చెబుతుంది. ఆ పేజీల ట్రాఫిక్ మాత్రమే హోస్ట్‌కి వెళ్తుంది. మిగతా ఖాళీ అడ్రస్‌ల్లో రాస్తే విలువ బయటికి పోదు, తిరిగి గెస్ట్‌కే ఎక్సెప్షన్ వస్తుంది. గెస్ట్ క్రాష్ అయినా అవ్వొచ్చు. పర్లేదు, రహస్యం లీక్ అవ్వడం కన్నా క్రాష్ నయం.

సర్వర్లలో ఏఎండీ ఎస్ఈవీ-ఈఎస్ ఆలోచన కూడా ఇలాంటిదే: డివైజ్ యాక్సెస్ జరిగితే ముందు గెస్ట్‌కే ఎక్సెప్షన్ వస్తుంది, హోస్ట్‌కి ఏది చూపించాలో గెస్టే తేలుస్తుంది.

కాబట్టి ఏ సెక్యూరిటీ డిజైన్ చూసినా ఈ ప్రశ్న అడగండి: ఖాళీ అడ్రస్‌కి జవాబు ఎవరిస్తున్నారు? వాళ్ళని నమ్మొచ్చా? డౌట్స్ ఉంటే కామెంట్‌లో పెట్టండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.