పాట కూర్చువారి కూడిక



1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ కంప్యూటరుచేత 17 సెకండ్ల బాణీ పలికించెను. నేడు ఆ విద్య మన పిల్లలకును అందినది. 2000లో వెలువడిన ఆడాసిటీ ఉచితముగా లభించును. మన కొట్పాడ్ మగ్గముపై పోగుతో పోగు కలిసినట్లు, వేరువేరుగా ముద్రించిన గొంతును, తాళమును దానితో ఒక్కటిగా కూర్చవచ్చును.

అయినను ఒంటరిగా నేర్చినది ఆ గదిలోనే ఆగుచున్నది. కావున నెలకొక ఆదివారము బడిలో కూడుటకు మేము తలపెట్టితిమి. ఒక కంప్యూటరు, ఒక మైకు చాలును. ప్రతివారును తాము కూర్చినది వినిపించి, ఎట్లు కూర్చిరో చెప్పవలెను.

మొదట నాయనమ్మల జోలపాటలు, తిరుగటిపాటలు ముద్రింతము. వీధిలో ఒడియా, బడిలో పుస్తకపు తెలుగు విను బిడ్డకు ఆ పలుకు మరెచ్చటను దొరకదు. బిడ్డతోపాటు నాయనమ్మను కూడ పంపుడని మా ప్రార్థన.