యంత్రం ఎక్కడ నిలబెడతారు?

 పట్టాలు అందుకున్న పిల్లలారా!

నా ఉద్యోగమంతా గాలిలోని దుమ్మును తూచడంతోనే గడిచింది. శాంప్లర్ యంత్రంలో పెట్టే గ్లాస్ ఫైబర్ కాగితాన్ని ముందు తూచి, యంత్రం గాలి లాగాక మళ్లీ తూచేవాళ్లం. ఎంత బరువు పెరిగితే అంత దుమ్ము. ఎండాకాలంలో అనంతపురం కాగితం ఎర్రమట్టి రంగులో వచ్చేది. లారీలు తిరిగే రోడ్డు పక్కదైతే మసిబారి వచ్చేది.

యంత్రం సంగతి మీ మాస్టార్లే బాగా చెప్పి ఉంటారు. దాన్ని ఎక్కడ నిలబెడతారన్నదే నా బెంగ.

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది. దాని కింద గాలి ప్రమాణాలు అందుకోని ఊళ్ల జాబితాలో మన రాష్ట్రం నుంచి 13 ఉన్నాయి, అందులో అనంతపురం ఒకటి. పీఎం10 అనే సన్న దుమ్ము ఏడాది సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. మనుషులు నడిపే కొలత కేంద్రంలో వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 కొలతలు తీస్తారు. ఆ 104 సార్లూ ఊరి చివర చెట్లున్న ఆఫీసు మేడ మీదే తీస్తే అంకె చక్కగానే వస్తుంది. బస్టాండు దగ్గర పూలమ్ముకునే ఆమె పీల్చే గాలికీ ఆ అంకెకూ సంబంధం ఉండదు.

నిబంధనలు ఉన్నాయి. గాలి లాగే మూతి నేలకు 3 నుంచి 10 మీటర్ల ఎత్తులో ఉండాలి, చెట్లకు 20 మీటర్లు ఎడంగా ఉండాలి, చుట్టూ గాలి ధారాళంగా ఆడాలి. ఒక ఊళ్లో స్థలం చూడబోతే అక్కడి అధికారి నన్ను నేరుగా మేడ మీదికి తీసుకెళ్లాడు. "సార్, కరెంటుంది, తాళముంది, ఇంకేం కావాలి?" అన్నాడు. నైరుతి వైపు చూస్తే రెండంతస్తుల గోడ! జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు గాలి వచ్చేదే అటునుంచి. రామగిరి గాలిమరలు తిరిగేదీ ఆ గాలికే. దాన్ని గోడతో ఆపేసి ఇక కొలిచేదేముంది?

ఇంకో మాట తరచూ వింటాను: "ఇది కరువు నేల, దుమ్ము సహజం, మనమేం చేస్తాం?" నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి నది ఇసుక పొలాల మీదికి ఎగిరొస్తుంది, నిజమే. అయితే గాలి ఊళ్లోకి వచ్చే వైపు ఒక కేంద్రం, ఊరు దాటే వైపు ఒకటి పెట్టండి. రెండింటి మధ్య తేడాలో మన రోడ్లు, మన లారీలు, మన చెత్తమంటలు బయటపడతాయి. ఆ తేడా చూపించలేనన్నాళ్లూ ప్రతి తప్పూ మట్టి మీదికే నెట్టేస్తారు. ఇక సిమెంటు ఫ్యాక్టరీలూ బండల పాలిష్ యూనిట్లూ ఉన్న తాడిపత్రి సంగతి అనంతపురం అంకె ఎలా చెబుతుంది?

బెంగళూరు బస్సెక్కే తొందరలో ఉన్నారని తెలుసు. వెళ్లండి, బాగుపడండి. కానీ ఇంజనీరింగ్ పట్టా చేతిలో పెట్టుకుని, గాలి ఎటు వీస్తోందని అడిగితే ఫోన్ తీస్తారేమర్రా? కళ్లంలో తూర్పారబట్టిన మీ తాతనడగండి, ఏ నెలలో గాలి ఎటో ఇట్టే చెబుతాడు.

కొత్త కేంద్రం ఫైలు మీ బల్ల మీదికి వచ్చిన రోజు, సంతకానికి ముందు ఆ చోటికి వెళ్లి నిలబడండి. బడి ఎంత దూరం, కంకర మిషను ఎటువైపు, వాటి మధ్య గాలి దారేది, మీ కళ్లతో చూడండి. చోటు సరికాకపోతే కారణం ఫైల్లోనే రాసి వెనక్కి పంపండి. పైవాళ్లు కోప్పడితే పడనీయండి.